మా ఇంట్లో ఎవరికీ లేదు

జూన్ 24, మంగళవారం

ఈ రోజు గొట్టం తీసేశారు. చంక కింద నుంచి సీసాలోకి వేలాడుతూ, పడకకూ స్నానానికీ కూడా నాతోనే తిరిగిన గొట్టం. "గట్టిగా గాలి పీల్చండి" అంది డాక్టరమ్మ. పీల్చేలోపే లాగేసింది. మోసమే. కానీ మంచి మోసం.

కుడివైపు బల్లపరుపుగా ఉంది. పక్కటెముకల మీద అడ్డంగా కుట్ల గీత, అంతే. సుజాత కట్టు మారుస్తూ ఒక్క మాట అనలేదు. మా కాపురంలో ఆమె ఏమీ అనకుండా చేసిన పని ఇదొక్కటే కావచ్చు.

నాకు రొమ్ము అనేది ఒకటుందని యాభై ఆరేళ్ళు వచ్చాక తెలిసింది. తెలిసిన నెలకే పోయింది.

జూన్ 26

ఇల్లు. తాండూరు ఎండ, తాండూరు దుమ్ము. ముక్కులోకి బండల పొడి వాసన రాగానే ప్రాణం లేచొచ్చింది.

జూన్ 28, శనివారం

బండ తగిలిందనుకున్నాను. మా పాలిషింగ్ యార్డులో ఎవరిని అడిగినా అదే చెప్తారు. నాపబండను ఎత్తి ఛాతీకి ఆనించుకుని మోస్తాం. అంచు తగలని ఛాతీ ఏ యార్డులోనూ ఉండదు. పోయిన దసరా ముందు కుడి చనుమొన వెనకాల కందిగింజంత గట్టిగా తగిలింది. హమాలీ బాలప్ప పసుపు సున్నం పట్టించమన్నాడు. పట్టించాను. శివరాత్రికి రేగుపండంత అయింది. మొన లోపలికి ముడుచుకుపోయింది. "బండ దెబ్బంటే గట్లనే ఉంటది సేటు" అన్నాడు బాలప్ప. నేను ఆ బండ బరువెంతో నలుగురికీ చెప్పుకుని కొంచెం గర్వపడ్డాను కూడా.

తర్వాత బనియన్ మీద రక్తపు చుక్క. ఉతుకుతూ సుజాత చూసింది. తడి బనియన్ పట్టుకునే వచ్చి నా ముందు నిలబడింది.

"ఇది గూడ బండ తగిల్తెనే వచ్చిందా?"

జూన్ 29

హైదరాబాద్ ఆసుపత్రిలో మొదటి రోజు సంగతి రాయలేదు కదూ. రొమ్ము పరీక్షల విభాగంలో అందరూ ఆడవాళ్ళే. కుర్చీల నిండా తల్లీకూతుళ్ళు, అత్తాకోడళ్ళు. నేను ఒక్కణ్ణి. వాళ్ళంతా నన్ను చూసి జాలిపడ్డారు - పాపం, పెళ్ళాన్ని తీసుకొచ్చాడు అని. నర్సు వచ్చి పరీక్షకు వేసుకునే గౌను సుజాత చేతిలో పెట్టి "లోపలికి రండమ్మా, సార్ బయట కూచుంటారు" అంది. సుజాత ఆ గౌను తీసి నా ఒళ్ళో పెట్టింది. ఆ హాలు మొత్తం నా వైపు తిరిగింది. తర్వాత ఒక ముసలమ్మ పక్కకు జరిగి, "ఇట్ల కూసో బిడ్డా" అని నాకు ఫ్యాన్ కింద చోటిచ్చింది.

గౌను వెనక ముడి వేసుకోవడం రాలేదు. లేత గులాబీ రంగు.

జూలై 1

యార్డులో కొవ్వుగడ్డ అని చెప్పాం. వికారాబాద్‌లో సుగుణక్కకూ అదే చెప్పాం. పూడూరులో బిడ్డ స్రవంతికీ అదే. నిజం తెలిసింది సుజాతకు, యార్డులో నా భాగస్తుడు, చిన్నప్పటి స్నేహితుడు ఖాజాకు. ఖాజా కారు నడిపాడు కాబట్టి తెలిసింది, లేకపోతే వాడికీ కొవ్వుగడ్డే.

ఎందుకు దాచానంటే... సిగ్గు. ఇంకో కారణం వెతికినా దొరకలేదు.

జూలై 11, శుక్రవారం

చెకప్. చంకలోంచి తీసిన గడ్డల్లో రోగం లేదట. ఛాతీలో ఉన్నది ఛాతీలోనే ఆగిందట. మాత్ర ఇచ్చారు, రోజుకొకటి, ఏళ్ళ తరబడి. కుడిచేయి మీద ఇక జాగ్రత్త అన్నారు. ఆ చేతికి సూది వద్దు, బీపీ పట్టీ వద్దు, బరువు వద్దు, దారం గానీ గడియారం గానీ బిగుతుగా ఏదీ కట్టవద్దు. కడితే వాపు రావచ్చట, వస్తే పోదట. ఆపరేషన్ ముందు అనంతగిరి గుడి దారాన్ని నర్సు కత్తెరతో కత్తిరించింది ఇందుకేనన్నమాట. అప్పుడు మనసులో తిట్టుకున్నాను.

మగవాళ్ళకు ఈ రొమ్ము క్యాన్సర్ వస్తే రక్తం తీసి పరీక్షకు పంపుతారట. ఎడమచేతి నుంచి తీశారు.

"మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉందా?" మొదటి రోజు అడిగిన ప్రశ్నే డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

"మా ఇంట్లో ఎవరికీ లేదమ్మా."

నిజమే చెప్పాను. నాయన గుండెతో పోయాడు. అమ్మ షుగరుతో. అన్నదమ్ములు లేరు. అక్క గుండ్రాయిలా ఉంది.

జూలై 16

మాత్ర పని మొదలుపెట్టింది. కూర్చున్నచోట లోపలి నుంచి పొయ్యి రాజేసినట్టు సెగ. మెడ, చెవులు, నెత్తి. చెమట. రెండు నిమిషాలకు చల్లారుతుంది. సుజాతకు రెండేళ్ళుగా ఇదే బాధ. నేను ఫ్యాన్ తగ్గించమని అరిచేవాణ్ణి. ఈ సాయంత్రం ఇద్దరం ఒకే ఫ్యాన్ కింద, ఒకేసారి, విసనకర్రలతో.

"ఇప్పుడు తెల్సిందా" అంది.

తెలిసింది.

జూలై 22

యార్డుకు పోతున్నాను. బండలు ముట్టనివ్వడం లేదు ఖాజా. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పాతికేళ్ళుగా ఇద్దరం కలిసి నడిపిన యార్డులో నాకిప్పుడు కూర్చునే ఉద్యోగం.

జూలై 30, బుధవారం

రక్తం ఫలితం వచ్చింది.

జన్యువులో లోపం ఉందట. పుట్టుకతోనే. అమ్మ నుంచో నాయన నుంచో వచ్చి ఉంటుందట. డాక్టరమ్మ కాగితం మీద చెట్టులాగా గీతలు గీసి చూపించింది. అక్కకు ఉండటానికి సగం అవకాశం, లేకపోవడానికి సగం. స్రవంతికీ అంతే. ఉంటే రోగం ఉన్నట్టు కాదు, కానీ రావడానికి దారి తెరిచి ఉన్నట్టు. ముందే పరీక్షలు చేయించుకుంటే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు.

"మీ అక్కగారి వయసు?"

"అరవై రెండు."

"ఇప్పటిదాకా మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, చేయించారా?"

అక్క పన్ను నొప్పికి కూడా డాక్టరు దగ్గరికి పోదు. లవంగం నమిలి పడుకుంటుంది.

"త్వరగా చెప్పండి. వాయిదా వేయకండి" అంది.

తిరుగు రైలు వికారాబాద్‌లో ఆగింది. దిగలేదు. అక్క ఇల్లు స్టేషనుకు ఆనుకునే ఉంటుంది, కిటికీలోంచి మేడ మీది నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. రైలు కదిలేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

జూలై 31

యార్డులో మిషను ఆపి చాయ్ తాగుతూ ఖాజాకు చెప్పాను. అమ్మ వైపు నుంచి వచ్చిందో, నాయన వైపు నుంచో తెలియదు, మా ఇంట్లో ఎవరికీ లేదు కదా అన్నాను.

వాడు కప్పు పెదవి దగ్గరే ఆపాడు. "మరి అంజమ్మత్త?"

"ఏ అంజమ్మత్త?"

"బంట్వారం అంజమ్మత్త. మీ నాయిన చెల్లె. రొమ్ముకు పుండైందని పక్క గదిల పండవెట్టిన్రు గదా. మనిద్దరం సైకిల్ మీద జొన్నలు తీస్కపోయినం. నాకు జామకాయలిచ్చింది యార్."

"ఆమె బంట్వారమోళ్ళ మనిషి గదా."

ఖాజా నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. వాళ్ళలో చిన్నాయన పిల్లలకూ పెద్దనాయన పిల్లలకూ పెళ్ళిళ్ళవుతాయి, పెళ్ళయినా వాడి మేనత్తలు వాడి ఇంటివాళ్ళే. "పెండ్లయితే రక్తం గూడ మారుతదా భాయ్?" అన్నాడు.

చాయ్ చల్లారిపోయింది.

ఆగస్టు 1

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజంగానే గుర్తుకు రాలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

అంజమ్మత్త పోయినప్పుడు వాళ్ళకు పదకొండు రోజుల మైల. మాకు మూడు రోజులు. నాయన మూడో రోజు తలస్నానం చేసి పొలం పోయాడు. పాలగడ్డ అన్నారు. ఆమె చిన్నకొడుకు అప్పటికి బడికి పోతున్నాడు, పాలెక్కడివని ఎవరూ అడగలేదు. అడిగినా అది వాళ్ళింటి రోగం. మన ఆడపిల్ల వాళ్ళింటికి పోయి వాళ్ళ రోగం తెచ్చుకుంది, అన్నట్టే మాట్లాడుకున్నారు.

డాక్టరమ్మ "రక్తసంబంధీకులు" అంటే నేను మా ఇంటిపేరు ఉన్నవాళ్ళను లెక్కపెట్టాను. ఆ లెక్కన సుగుణక్క మా ఇంటిది కాదు. స్రవంతి మా ఇంటిది కాదు. రేపు స్రవంతి బిడ్డను ఏ డాక్టరో అడిగితే, నేనూ లెక్కలో ఉండను.

ఆగస్టు 3, ఆదివారం

పూడూరు పోయొచ్చాం. స్రవంతి తన బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. సుజాత నా వైపు చూసి, లోపలికి పోయి మనవరాలికి జడ వేయడం మొదలుపెట్టింది. చెప్పాల్సింది నేనేనని అర్థం.

చెప్పాను. ఎర్ర పెన్ను పక్కన పెట్టింది.

"కొవ్వుగడ్డ అన్నవ్ గద నాయినా."

"అన్న."

"మచ్చ చూపెట్టు."

చొక్కా గుండీలు విప్పాను. కన్నబిడ్డ ముందు అంత సిగ్గుపడతానని అనుకోలేదు. చూసింది. చాలాసేపు చూసింది. "నొస్తుందా?" అంది. లేదన్నాను. కళ్ళు తుడుచుకుని, పరీక్ష ఎక్కడ చేస్తారు, ఏ డాక్టరు, సెలవు ఏ రోజు పెట్టాలి, వరసగా అడిగింది. నా బిడ్డ గట్టిది. నా కన్నా గట్టిది.

బస్సు ఎక్కేటప్పుడు, "అత్తకు చెప్పినవా?"

"చెప్త."

"ఎప్పుడు?"

"రాఖీకొస్తది గదా."

ఆగస్టు 5

అక్కే ఫోన్ చేసింది. శనివారం పొద్దున రైలుకొస్తుందట. బావ రాడట, మోకాళ్ళు. నాకు ఇష్టమని సర్వపిండి తెస్తుందట. సుజాత కొన్న మిక్సీ పని చేస్తుందా, స్రవంతి బిడ్డకు ఊడిన పళ్ళు మళ్ళీ వచ్చాయా, వికారాబాద్‌లో రోడ్డు తవ్వి వదిలేశారు... "అక్కా ఒక మాట" అన్నాను. "ఆ, చెప్పు" అని తనే ఇంకో పది మాటలు చెప్పి పెట్టేసింది.

నిజానికి ఆమె ఆగి ఉన్నా చెప్పేవాణ్ణి కాదు.

ఆగస్టు 9, శనివారం. రాఖీ పౌర్ణమి

రాయాలి. సర్దుకుని రాయాలి.

అనుకున్నది ఏమిటంటే - రాఖీ కడుతుంది, తింటాం, తిన్నాక మెల్లగా చెప్తాను. అక్క వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. పీట వేసి కూర్చోబెట్టింది. బొట్టు పెట్టింది. పెద్ద రాఖీ, మధ్యలో మెరిసే పువ్వు, ఎర్ర దారం. నాకు పెద్దదే కావాలి చిన్నప్పటి నుంచి, ఆమెకు తెలుసు.

"చెయ్యి ఇయ్యి."

ఎడమ చెయ్యి చాచాను. అనుకుని చాచలేదు. నెలన్నర నుంచి అదే అలవాటయింది.

"గా చెయ్యి గాదు, కుడిచెయ్యి."

"ఈసారి ఎడమకు కట్టక్కా."

"ఎడమకా? నేనేమన్న పరాయిదాన్నా ఎడమకు కట్టిపోనీకి?"

"డాక్టర్ వద్దన్నది. కుడిచేతికి ఏం కట్టొద్దట."

"కొవ్వుగడ్డ తీస్తే చేతికేమైతది?"

వంటింట్లో సుజాత గరిటె చప్పుడు ఆగిపోయింది. అక్క రాఖీ దారం రెండు కొసలూ పట్టుకుని అలాగే ఉంది. ఇక దారి లేదు. చొక్కా విప్పాను. బనియన్ పైకెత్తాను.

అమ్మ కూలికి పోతే నన్ను చంకనేసుకుని పెంచింది ఈమే. నా ఒంటి మీద ఏ మచ్చ ఎప్పుడు పడిందో ఆమెకే తెలుసు. ఇది తెలియదు.

"ఎవలు కోసిన్రు గిట్ల" అంది, చాలా మెల్లగా.

చెప్పాను. ఒక్క ఊపిరిలో మొత్తం చెప్పాను. రోగం పేరు, రక్తపరీక్ష, ఆమెకు సగం అవకాశం, త్వరగా చూపించుకోవాలి. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. ఆపలేదు. అంజమ్మత్త సంగతి చెప్పాను. "డాక్టరమ్మ రెండుసార్లు అడిగిందక్కా. మా ఇంట్ల ఎవ్వలకు లేదన్న. అత్త యాదికే రాలే. మన ఇంటి మనిషని అనిపించనే లేదు."

అక్క నా మొహంలోకి చూసింది. కోపం కాదు. కోపమైతే నాకు తెలుసు, తట్టుకునేవాణ్ణి.

"పుట్టింటి నుంచి ఒడిబియ్యమే వస్తదనుకున్న" అంది.

తర్వాత లేచింది. రాఖీ తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది. "నేను మంచిగనే ఉన్న. నాకేం పరీక్షలొద్దు. మీ ఇంటి సంగతి మీ ఇంట్ల జూస్కోండ్రి."

రెండు ముద్దలు తిన్నది, సుజాత కోసం. మధ్యాహ్నం రైలుకే బయల్దేరింది. గడప దాటుతూ ఎప్పుడూ "పోయొస్త తమ్మీ" అంటుంది. ఈ రోజు "పోతున్న" అంది.

సర్వపిండి డబ్బా తెరవలేదు మేము.

ఆగస్టు 10

రాఖీ గూట్లోనే ఉంది. దీపం పెట్టేటప్పుడు సుజాత దాన్ని కొంచెం పక్కకు జరుపుతుంది.

ఆగస్టు 14

ఫోన్ చేశాను. బావ ఎత్తాడు. "పూజల ఉన్నది." సాయంత్రం చేశాను. "పండుకున్నది." ఆయనకు అబద్ధాలు రావు. మాట మాటకూ దగ్గుతాడు.

ఆగస్టు 18, సోమవారం

స్రవంతి రక్తం ఇచ్చి వచ్చింది. ఫలితానికి కొన్ని వారాలు.

యార్డులో ఖాజాకు చెప్పాను, అక్క మాట్లాడటం లేదని. "మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. నువ్వు పోయి ఎదురుంగ కూసో. జర ఓపిక వట్టు" అన్నాడు. బాలప్పకు కూడా నిజం చెప్పేశాను. వాడు నమ్మలేదు. ఆడోళ్ళది నీకెట్లొస్తది సేటు అన్నాడు. బనియన్ ఎత్తి చూపించాను. తలపాగా తీసి కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తన ఎడమ చంక కింద ఒకటుంది చూడమన్నాడు. రేపు పెద్దాసుపత్రికి పొమ్మని ఖాజా వాణ్ణి తరుముతున్నాడు.

ఆగస్టు 21, గురువారం

వికారాబాద్ పోయాను. చెప్పకుండా.

తలుపు అక్కే తీసింది. "రా" అంది. చాయ్ పెట్టింది. రోడ్డు తవ్విన సంగతి, పాలు నీళ్ళలా ఉన్న సంగతి. నా ఎదురుగా కూర్చోదు. ఏదో ఒకటి సర్దుతూనే ఉంది. బావ పేపరు పట్టుకుని మేడెక్కాడు, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి.

పరీక్ష మాట ఎత్తలేదు. ఏం అడగాలో తోచక, "అంజమ్మత్త నీకెంత యాదికున్నది అక్కా?" అన్నాను.

అప్పుడు కూర్చుంది.

నాకు తెలియని కథ చెప్పింది. అత్త ఆఖరి నెలలో అమ్మ అక్కను బంట్వారం పంపించిందట, పనికి సాయంగా. అక్కకు పద్దెనిమిదేళ్ళు. పుండు కడిగింది అక్క. బట్టలు మార్చింది అక్క. చూడటానికి నాయన వచ్చినప్పుడల్లా అత్త దుప్పటి మెడ దాకా కప్పుకునేదట. "మీ నాయినకు చెప్పకు బిడ్డా, మగోళ్ళకు చెప్పేటిది గాదు" అనేదట. చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"అప్పటిసంది స్నానం చేసినప్పుడల్లా చెయ్యి వెట్టి జూస్కుంట. పెండ్లప్పుడు జూస్కున్న. పిల్లలు పుట్టినప్పుడు జూస్కున్న. నువ్వు నన్ను లెక్క వెట్టలే గని తమ్మీ, నేను వెట్టుకున్న."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఏమన్న తగిలిందా అక్కా?"

ఖాళీ కప్పు తీసుకుని వంటింట్లోకి పోయింది. నీళ్ళ చప్పుడు. చాలాసేపు ఒక్క కప్పే కడిగింది.

ఆగస్టు 22

నాకు భయంగా ఉంది. నా రోగానికి ఇంత భయపడలేదు.

ఆగస్టు 27. వినాయక చవితి

యార్డులో చిన్న విగ్రహం. ఖాజా కొబ్బరికాయలు తెచ్చాడు, ప్రతి ఏడూ వాడే తెస్తాడు. దండం పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానో ఇక్కడ కూడా రాయను.

బాలప్పది మామూలు గడ్డేనట. నిజమైన కొవ్వుగడ్డ.

ఆగస్టు 30, శనివారం

పొద్దున్నే ఫోన్. అక్క.

"ఏ రైలుకు పోతరు ఆ దవాఖానకు?"

చెప్పాను.

"మంగళారం వస్త. మీ బావకు ఇంక చెప్పలే, ఇయ్యాల చెప్త."

పెట్టేసింది. సుజాతకు చెప్తే దేవుడి గూటి వైపు చూసింది.

సెప్టెంబర్ 2, మంగళవారం

తాండూరులో నేను ఎక్కాను. ధారూర్ దాటినప్పటి నుంచి తలుపు దగ్గరే నిలబడ్డాను. వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద అక్క, పక్కన బావ, చేతిలో టిఫిను డబ్బా. బావ డబ్బా నాకిచ్చి, "జర జూస్కో బామ్మర్ది" అన్నాడు. ఈసారి దగ్గలేదు.

దారిలో అక్క కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చుంది. పంట బాగుందంది. అవునన్నాను.

అదే హాలు. అవే కుర్చీలు. నర్సు గౌను తెచ్చి మా ఇద్దరినీ చూసి ఒక్క క్షణం ఆగింది. నన్ను గుర్తుపట్టింది. "ఈసారి మా అక్కకు" అన్నాను. వెనక ముడి ఎలా వేసుకోవాలో అక్కకు నేనే చెప్పాను. లేత గులాబీ రంగు ఆమెకు బాగానే ఉంది.

డాక్టరమ్మ గదిలోకి నన్నూ రానిచ్చారు. అక్క పేరు అడిగింది, వయసు అడిగింది. తర్వాత తలెత్తకుండానే, "మీ ఇంట్లో ఎవరికైనా ఉందామ్మా?"

అక్క వీపు నిటారుగా పెట్టుకుంది.

"మా మేనత్తకుండె. అంజమ్మ. గా రోగంతోనే పోయింది. ఇగో, మా తమ్మునికొచ్చింది."

"ఇంకెవరికైనా?"

"గంతే. మా ఇంట్ల గంతే."

నేను గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. దాన్లో టైమెంతో తెలియలేదు.

ఫోటోలు తీశారు. మళ్ళీ తీశారు, ఎడమవైపు. జెల్లీ రాసి మిషనుతో చూశారు. చిన్నదేదో ఉందట. చాలా చిన్నది. ఏమిటో చూస్తేగానీ తెలియదట. సూదితో ముక్క తీశారు. అక్క కళ్ళు మూసుకుంది గానీ నా చెయ్యి పట్టుకోలేదు. బయటికొచ్చాక, "గింతేనా, దీనికే ఇన్నేండ్లు భయపడ్డ" అంది. రక్తపరీక్షకూ ఇచ్చింది.

"నీకు తగిలిందదేనా?" అన్నాను.

"అదే. ఉగాది ముంగట్నుంచి."

నాది బండ దెబ్బ. ఆమెది నోరు మూసుకోవడం. మా ఇద్దరినీ కన్నది ఒక్కతే అని ఎవరైనా పట్టేస్తారు.

తిరుగు రైలులో చోటు దొరికింది. జేబులోంచి రాఖీ తీశాను. గూట్లోంచి పొద్దున్నే తీసి పెట్టుకున్నాను, కుంకుమ అంటింది. ఆమె ముందు పెట్టాను.

"పున్నమి పోయి ఎన్ని దినాలైంది" అంది.

"పోతే పోయింది."

"పున్నమే పోయింది తీయ్, తమ్ముడు పోలే."

ఎడమ చెయ్యి చాచాను. కట్టింది. ముడి మీద ముడి వేసింది, చిన్నప్పుడు నా లాగు బొందుకు వేసినట్టు. ఎదురు సీటు అతను వింతగా చూశాడు. చూడనీ.

వికారాబాద్‌లో దిగుతూ, "పోయొస్త తమ్మీ."

సెప్టెంబర్ 4

స్నానానికి రాఖీ తీయలేదు. తడిసి రంగు దిగుతోంది. మణికట్టు ఎర్రగా అయింది.

సెప్టెంబర్ 5, శుక్రవారం

స్రవంతి ఫోన్. ఆమెకు లేదట. నా నుంచి పోలేదట. సుజాత స్టవ్ దగ్గరే కూలబడి ఏడ్చింది, పాలు పొంగిపోయినా లేవలేదు. నేను స్టవ్ ఆర్పి ఆమె పక్కనే కింద కూర్చున్నాను. ఇంత సంతోషం నాకు ఈ మధ్య తెలియదు.

కాసేపటికి ఇంకో ఆలోచన. సగం సగం అన్నారు. మంచి సగం బిడ్డకు వచ్చేసింది. ఒకరికి వచ్చినంత మాత్రాన ఇంకొకరికి తగ్గదని డాక్టరమ్మ చెప్పింది, నాకూ అర్థమైంది. అయినా మనసు పంపకాలు వేస్తూనే ఉంది.

అక్కకు చెప్పాలంటే జంకాను. ఆమెకు స్రవంతే చెప్పేసిందట. "బిడ్డకు లేదు, సాలు. దేవుడు సల్లగుండ" అంది. గొంతులో ఏ తేడా లేదు. అక్క మంచితనం కొన్నిసార్లు భరించడం కష్టం.

సెప్టెంబర్ 7, ఆదివారం

రేపు ముక్క పరీక్ష రిపోర్టు. రక్తానిది ఇంకా టైముంది.

సాయంత్రం అక్క ఫోన్. ఎక్కువ మాట్లాడలేదు. రేపు బావ కూడా వస్తాడట, మోకాళ్ళున్నా వస్తానంటున్నాడట. టిఫిను ముగ్గురికీ తనే కడుతుందట. ముందు నుంచి మూడో పెట్టెలో ఎక్కమంది, అక్కడైతే తనకు మెట్లు దగ్గర.

"ముగ్గురికి సీట్లు వట్టు. కిటికీ పక్కది నాకు."

పడతానన్నాను.